‘మీ అమ్మ’ అంటాం, ‘నీ అమ్మ’ అనం ఎందుకని?

ప్రశ్న: మనవణ్ణి ‘నువ్వు’ అని పిలుస్తూనే ‘మీ అమ్మేదిరా?’ అని అడుగుతాం. ‘నీ’ అని ఎందుకు అనం? – ఒక పాఠకురాలు, పెనుగొండ

జవాబు: మంచి సంగతి పట్టారండి. ఆ ‘మీ’ మన్నన కోసం వచ్చింది కాదు, నిజంగానే బహువచనం. అమ్మ ఆ ఇంట్లో అందరి మనిషి. ఒక్కగానొక్క బిడ్డ కూడా ‘మా అమ్మ’ అనేది అందుకే. నాన్న, అన్న, చెల్లి, ఇల్లు, ఊరు అన్నీ ఈ లెక్కలోవే. పలక, చొక్కా, చెయ్యి మాత్రం ‘నీ’వే. కొడుకు, కూతురు దగ్గరా ‘నీ’ చెల్లుతుంది. పుట్టింటి వరసల దగ్గర మాత్రం మామూలుగా చెల్లదు. ‘నీ అమ్మ’ తిట్టులా తగలడానికి, మనిషిని ఇంటి నుంచి విడదీసినట్టుండటమే కారణమని నా నమ్మకం.

తమిళుల ‘ఉంగ అమ్మా’దీ ఇదే పద్ధతి. ‘నీ’ తీరు మాత్రం భాషకో రకం. హిందీలో ‘తేరా భాయీ’, ‘తేరీ బహన్’ అని వెనకొచ్చే మాట లింగాన్ని బట్టి మారుతుంది. మన ‘నీ’ మారదు. టర్కీ భాషలో అది మాట చివర అతుక్కుంటుంది: ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘ఎవిన్’ అంటే నీ ఇల్లు. ఇంగ్లీషు రోజువారీ మాటల్లో ‘నీ’కి సాటైన ‘దై’ని వదిలేసి ఒక్క ‘యువర్’తో సరిపెట్టుకుంది. మీ మనవడు ‘అవర్ మదర్’ అని రాస్తే, దిద్దే ముందు అది తెలుగు వరసేనని వాడికి చెప్పండి.