ఉన్ని టీషర్టూ, మన ఉక్కపోతా

(కాట్రేనికోన చుట్టుపక్కల పాఠకుల సందేహాలకు వస్త్ర నిపుణుడి సమాధానాలు)

ప్రశ్న: మా అబ్బాయి చదువుకని జనవరిలో కెనడా వెళ్తున్నాడండి. పెట్టెలో పది కాటన్ టీషర్టులు సర్దుతుంటే వద్దంటాడు. మెరినో ఉన్నివి రెండుంటే చాలంట. ఒక్కోటీ మూడు వేలు పైమాటేనంట. పైగా వెళ్ళేలోపు ఇక్కడా అవే తొడుక్కు తిరుగుతానంటున్నాడు. మన ఉక్కపోతలో ఉన్నిబట్టేంటండీ, ఆయ్! – ఒక తండ్రి, పల్లంకుర్రు

జవాబు: మీవాడి మాటలో ముప్పాతిక నిజం ఉంది. ఇక్కడ తొడుక్కు తిరుగుతాననే పాతిక దగ్గరే నాకూ పేచీ.

ఉన్ని అనగానే మనకి స్వెట్టరూ, రగ్గూ గుర్తొస్తాయి. టీషర్టుకి వాడే ఉన్ని అది కాదు. మెరినో గొర్రె స్పెయిన్‌లో పేరు తెచ్చుకుని, 1797లో ఆస్ట్రేలియా చేరింది. టీషర్టులకి ఏరే దాని ఉన్నిపోగు మందం 17 నుంచి 19 మైక్రాన్ల దాకా ఉంటుంది. మన తల వెంట్రుక దానికి మూడు నాలుగు రెట్లు లావు. ఆ పోగుతో చదరపు మీటరు 150 గ్రాములు తూగేలా అల్లిన బట్ట మామూలు కాటన్ టీషర్టు కన్నా పలచగానే ఉంటుంది.

ఇక చెమట సంగతి. మామూలు వాతావరణంలో ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమ పట్టుకుంటుంది. కాటన్ 8 శాతం దగ్గర ఆగుతుంది, పాలిస్టరుకి అర శాతం కూడా దక్కదు. గాలిలో తేమ బాగా పెరిగితే ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. అందుకే ఒంటికి అతుక్కోదు.

అయితే చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. సముద్రం పక్కన, కాలవల మధ్య, కొబ్బరితోటల్లో ఉండే మనకి గాలే నీళ్ళోడుతూ ఉంటుంది. అందులో ఏ బట్టా సరిగ్గా ఆరదు, మెరినో మంత్రమేమీ వెయ్యదు. ఇంకో చిత్రం ఉంది. తేమ పీల్చేటప్పుడు ఉన్ని కొంచెం వేడిని పుట్టిస్తుంది. రాత్రంతా ఏసీ బోగీలో పడుకుని తెల్లారి రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద దిగగానే సెగ కొట్టినట్టుంటే, అందులో చొక్కా వాటా కూడా కొంత ఉన్నట్టే. అదే గుణం కెనడాలో అక్కరకొస్తుంది. హీటరు వేసిన పొడి గదిలోంచి మంచులోకి అడుగు పెట్టినప్పుడు ఒంటిని ఒక్కసారిగా చల్లబడనివ్వదు.

ప్రయాణికులు దీనికి అంత డబ్బు పోసేది మాత్రం వాసన కోసం. చెమటకి తనంతట తనకి పెద్దగా వాసనుండదు. ఒంటిమీది బ్యాక్టీరియా చేతిలో పడ్డాకే కంపు. పాలిస్టరు ఒంటి జిడ్డుని పట్టుకుని ఉతికినా ఓ పట్టాన వదలదు. ఉన్ని ఆ వాసన పదార్థాలని పోగు లోపలికి లాక్కుని చాలావరకు అక్కడే ఉంచుతుంది. రాత్రి గాలికి ఆరేస్తే మర్నాడు నిక్షేపంగా తొడుక్కోవచ్చు. పెట్టె బరువుని కిలోల్లో లెక్కపెట్టే విమానంలో ఇది చిన్న లాభం కాదు.

కాబట్టి నిండు చేతులవి రెండు కొనండి. గదిలోకి నాలుగు కాటన్‌వి పెట్టండి. ఇంకా కావాలంటే అక్కడే చలికాలం చివర తగ్గింపు ధరల్లో కొనుక్కుంటాడు. కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. ముందువైపు ‘మెరినో’ అని పెద్దక్షరాలు, చీటీలో చూస్తే ఉన్ని పాలు పిసరంత! పది పదిహేను శాతం నైలాన్ కలిస్తే మాత్రం తప్పుపట్టకండి. వట్టి పలచని ఉన్ని భుజాన బ్యాగు పట్టీ రాపిడికి చిల్లులు పడుతుంది, నైలాన్ దానికి బలం. ఇక ఇక్కడ తిరగడమంటారా, మోరి, బండార్లంక లాంటి మగ్గాల ఊళ్ళున్న సీమలో వేసవి పూట బజారుకి మూడు వేల ఉన్ని తొడుక్కెళ్ళడం నా లెక్కన దండగ.

ప్రశ్న: మెరినో గొంగడిలా గుచ్చుకోదా సార్? – డిగ్రీ విద్యార్థి, చెయ్యేరు

జవాబు: గుచ్చుకునేది ఉన్ని కాదు, లావు పోగు కొస. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు చర్మానికి తగిలితే వంగదు, పొడుస్తుంది. సన్నపోగు వంగిపోతుంది. తెలంగాణలో కురుమలు నేసే గొంగడి దక్కనీ నల్లగొర్రెల ముతక ఉన్ని. వానకీ చలికీ పైన కప్పుకోవడానికి దాన్ని మించింది లేదు, బనీనుగా తొడుక్కోమని ఎవరూ అనరు. మన కోస్తాలో తిరిగే నెల్లూరు గొర్రెకి అసలు ఉన్నే ఉండదు, ఒట్టి పొట్టి వెంట్రుకలే. మనకి గొర్రంటే మాంసమే గుర్తు రావడం అందుకే కాబోలు.

ప్రశ్న: దుబాయ్ నుంచి మావారు తెచ్చుకున్న మెరినో టీషర్టు వాషింగ్ మిషన్లో వేశానండి. తీసి చూస్తే మా ఆరేళ్ళ బాబుకి సరిపోయేలా ఉంది. మళ్ళీ మామూలవుతుందా? – ఒక గృహిణి, కందికుప్ప

జవాబు: అంత ముడుచుకున్నాక కాదమ్మా. బాబుకే తొడిగెయ్యండి.

ఉన్నిపోగు మీద చేప పొలుసుల్లాంటి రేకులుంటాయి. వేడినీళ్ళు, సబ్బు, మిషను కుదుపు మూడూ కలిస్తే ఆ రేకులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. తర్వాత విడదీయలేం. కొంచెమే ముడుచుకుంటే, తల కండిషనరు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, మెల్లగా సాగదీసి పరిచి చూడొచ్చు. కొంత వస్తుంది.

ఇకముందు చన్నీళ్ళలో చేత్తో ముంచి తియ్యండి, పిండొద్దు. తువ్వాల్లో చుట్టి అదిమితే నీళ్ళు పోతాయి. నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేలాడేస్తే తడి బరువుకి సాగుతుంది. మామూలు సర్ఫు పొడి వాడకండి. మరకల్లోని మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైములు చాలా పొడుల్లో ఉంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే. ఉన్నిబట్టల కోసం అమ్మే ఈజీ లాంటి ద్రవం కిరాణా కొట్లో దొరుకుతుంది. మిషన్లో వెయ్యొచ్చని చీటీ మీద ఉంటే మాత్రం ఆ రేకుల్ని ముందే అణిచేసిన ఉన్ని అన్నమాట, చన్నీళ్ళలో ‘వుల్’ మీటకి తట్టుకుంటుంది.

ప్రశ్న: బదరీనాథ్ వెళ్తున్నాం బాబూ. చలని మనవడు మెరినో బనీను కొన్నాడు. మా అత్తగారు ధావళి కట్టుకునేవారు. అదీ ఉన్నే కదా, ఇదీ మడికి పనికొస్తుందా? – ఒక పెద్దావిడ, కుండలేశ్వరం

జవాబు: పట్టుకీ ఉన్నికీ మైల అంటదని మన పెద్దల ఆచారం, నిజమే. కానీ కుట్టిన బట్ట మడి కాదన్నదీ వాళ్ళ మాటే కదండీ. తీర్పు మీ పురోహితుల వారికే వదిలేస్తాను. బట్ట సంగతి వరకు చెబుతాను: బదరీనాథ్ మూడు వేల మీటర్ల పైన ఉంది, చీరె జాకెట్టు లోపల ఇది తప్పక ఉండాలి. తప్తకుండంలో స్నానం చేసేటప్పుడు విప్పి పొడిచోట పెట్టండి. పూర్తిగా తడిస్తే ఉన్ని ఆ చలిలో ఓ పట్టాన ఆరదు.

ప్రశ్న: రొయ్యల చెరువు కాపలాకి మంచులో బాగుంటుందా? – బలుసుతిప్ప

జవాబు: బురదలో, ఉప్పునీళ్ళలో మూడు వేలు పారబోసుకోకండి. పాత స్వెట్టరు, పైన రెయిన్‌కోటు చాలు.

ప్రశ్న: బీరువాలో దాచిన మెరినోకి సన్న చిల్లులు పడ్డాయి. ఎలకలా? – కాట్రేనికోన

జవాబు: ఎలకైతే ముక్క కొరుకుతుంది. సన్న చిల్లులు చిమ్మటవి, దాని పిల్లపురుగు తినేది ఉన్నినీ, పట్టునీ. చెమట, తిండి మరక ఉన్నచోట ముందు తింటుంది. అందుకే ఉతక్కుండా దాచకూడదు. బాగా ఆరాక జిప్ కవర్లో పెట్టండి. మన తేమకి కొంచెం తడి మిగిలినా బూజు పడుతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డకి తగలకుండా వెయ్యండి. ఒట్టి వేపాకు మీద భరోసా పెట్టుకోకండి. ఇప్పుడు చిల్లులున్న దాన్ని కవర్లో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే లోపల మిగిలిన గుడ్లు చస్తాయి. ఈలోగా బీరువా అరలు ఖాళీ చేసి, మూలలు దులిపి, పక్కనున్న పట్టుచీరలూ ఓసారి విప్పి చూడండి.