‘ఎలా ఉంది?’ అని అడగకండి

1991 ఆగస్టు 25న హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక న్యూస్‌గ్రూప్‌లో చిన్న కబురు పెట్టాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆ న్యూస్‌గ్రూప్ మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు చదివే చోటు. తనూ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, సరదాకి చేస్తున్నదే తప్ప పెద్దదేమీ కాదని చెప్పాడు. మినిక్స్‌లో మీకేం నచ్చింది, ఏం నచ్చలేదు అని అడిగాడు. తన దగ్గరున్న రకం హార్డ్ డిస్కు తప్ప ఇంకోటి పనిచేయకపోవచ్చని ముందే ఒప్పుకున్నాడు. సలహాలు చెప్పండి, అన్నీ చేస్తానని మాత్రం మాటివ్వను అన్నాడు.

‘నా ప్రాజెక్టు ఎలా ఉందో చెప్పండి’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. అడిగిందంతా వాడేవాళ్ల అవసరాల గురించే. జవాబులూ అలాంటివే వచ్చాయి. తన కంప్యూటర్లో 2 ఎంబీ మెమొరీయే ఉందని, దాంతో కెర్నెల్ కంపైల్ కావడం లేదని ఒకతను మొరపెట్టుకున్నాడు. ఆ డిసెంబరులో టోర్వాల్డ్స్ కూర్చుని, మెమొరీ చాలనప్పుడు డిస్కును వాడుకునే ఏర్పాటు రాసేశాడు. ఆ సౌకర్యం మినిక్స్‌లో లేదు. అతను రాసిన ఆ సిస్టమ్, అంటే లైనక్స్ వైపు జనం రావడానికి అదొక కారణమైంది.

మన దగ్గర ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అంటే హైదరాబాద్ అమీర్‌పేటలో దొరికే సరుకు. డబ్బు కడితే కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అప్పజెప్పాల్సిన నాలుగు ముక్కలు కలిపి చేతిలో పెడతారు. కొనకుండా సొంతంగా చేసేవాళ్లలోనూ చాలామంది యూట్యూబ్ చూస్తూ కట్టిన టు-డూ లిస్టు దగ్గరో, నెట్‌ఫ్లిక్స్ క్లోన్ దగ్గరో ఆగిపోతారు. రెజ్యూమెలు చూసేవాళ్లకు ఇవి కంఠతా వచ్చు. కోడు తప్పుగా ఉండటం వల్ల కాదు, వాటిని ఎవరూ వాడకపోవడం వల్ల అవి తేలిపోతాయి. ఎవరూ వాడని ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో చెప్పడానికి టెక్నాలజీల పేర్లు తప్ప ఏముంటాయి? పదిమంది వాడినదైతే, వాళ్లు ఎక్కడ చిక్కుకున్నారో, దానికి మీరేం మార్చారో, ఏది మార్చకూడదనుకున్నారో అరగంట మాట్లాడొచ్చు. కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం తలనొప్పిగా ఉన్న రోజుల్లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ అనే టైపింగ్ ఉపకరణం తెలుగు బ్లాగర్ల నిత్యావసరమైంది. అందులో హంగులేమీ లేవు. అవసరం మాత్రం నిజమైనది.

ఒక ఉదాహరణ అనుకుందాం. హాస్టల్లో ఊరెళ్లిన రోజులకు మెస్ బిల్లు తగ్గించే లెక్క ప్రతి నెలా గొడవే. మీరు దానికో వెబ్ యాప్ చేశారు. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ కొడితే ఎంత తగ్గాలో చెబుతుంది. లింకు క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేసి ‘ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి మామా’ అన్నారు. ‘సూపర్ రా’ అని నాలుగు మెసేజీలు, కాసిన్ని చప్పట్ల బొమ్మలు వస్తాయి. వాళ్లలో లింకు తెరిచినవాళ్లు ఎందరో ఆ దేవుడికే తెలియాలి.

అలా కాకుండా పక్క రూమ్ కుర్రాడి చేతికి ఫోనివ్వండి. ‘పోయిన నెల ఊరెళ్లావుగా, నీకెంత తగ్గాలో చూడు’ అని చెప్పి నోరు మూసుకోండి. ఆ మూసుకోవడమే అన్నిటికన్నా కష్టం. ‘అక్కడ కాదురా, కింద బటన్ ఉంది చూడు’ అనాలని నాలుక దురద పెడుతుంది. అనొద్దు. అతను తడుముకుంటున్నాడంటే బటన్ తప్పు చోట ఉన్నట్టే. కాసేపటికి అతనే అడుగుతాడు: ‘శుక్రవారం మధ్యాహ్నం తినేసి బయల్దేరా, ఆ రోజు లెక్కలోకి వస్తదా?’ మీరు రోజులు లెక్కపెట్టారు, మెస్ వాళ్లు పూటలు లెక్కపెడతారు. ఇప్పుడు డేటాబేస్ టేబులే మార్చాలి. ‘సూపర్ రా’ అన్నవాళ్లు ఈ సంగతి ఎన్నటికీ చెప్పలేరు, దాంతో ఏ పనీ చేసుకోలేదు కాబట్టి.

ఎంతమందికి చూపించాలి? యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో వేసిన లెక్క ప్రకారం ఐదుగురు చాలు. ఒక్కో మనిషి సగటున 31 శాతం ఇబ్బందులను బయటపెడితే, ఐదుగురితో దాదాపు 85 శాతం తెలిసిపోతాయి. ఆ సగటు అన్నిచోట్లా కుదరదని తర్వాత విమర్శలొచ్చాయి. అయినా ఆయన అసలు సలహా విద్యార్థులకు అతికినట్టు సరిపోతుంది: పదిహేనుమందికి ఒకేసారి చూపించే బదులు ఐదుగురికి చూపించి, సరిచేసి, మరో ఐదుగురి దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్నలు అడగడంలోనూ ఒక నేర్పుంది. రాబ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2013లో రాసిన ‘ద మామ్ టెస్ట్’ పుస్తకమంతా దాని గురించే. మీ అమ్మ కూడా మిమ్మల్ని సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పలేని ప్రశ్నలు అడగమంటాడు. ‘ఈ యాప్ వాడతావా?’ అంటే ఎవరైనా వాడతామనే అంటారు. ‘పోయిన నెల ఈ లెక్క ఎలా తేల్చుకున్నావు? వార్డెన్ దగ్గరికి వెళ్లావా?’ అంటే నిజం బయటికొస్తుంది. అసలు వెళ్లనే లేదంటే, ఆ డబ్బు అతనికి పెద్ద లెక్కలోకి రాదేమో. అదీ ఫీడ్‌బ్యాకే, కాకపోతే మింగుడుపడదు.

మీ ప్రాజెక్టు తెలిసినవాళ్ల దగ్గర నిలబడ్డాక లింక్డిన్‌లోనో, రెడిట్‌లోనో, హ్యాకర్ న్యూస్‌లోనో ముక్కూముఖం తెలియనివాళ్ల ముందు పెట్టండి. వాళ్లకు ఓపిక ఉండదు. లాగిన్ అడిగితే వెళ్లిపోతారు, కాబట్టి ఖాతా తెరవకుండానే చూసేలా ఒక డెమో ఉంచండి. కొన్ని ఉచిత హోస్టింగ్‌లలో కాసేపు ఎవరూ రాకపోతే సర్వర్ నిద్రపోతుంది. మొదట వచ్చినవాడికి తెల్ల తెర కనిపిస్తుంది. పోస్టు పెట్టే ముందు మీరే ఒకసారి తెరిచి దాన్ని లేపండి. గిట్‌హబ్ రీడ్‌మీలో మొదటి రెండు వాక్యాల్లో ఇది ఎవరికి, ఎందుకు అన్నది రాయండి. రియాక్ట్, నోడ్ పేర్లు తర్వాత చూసుకోవచ్చు. లైసెన్స్ ఫైలు లేకపోతే మీ కోడును ఇతరులు వాడుకోవడానికి చట్టప్రకారం అనుమతి ఉండదు. ఏపీఐ కీ పొరపాటున కమిట్ అయితే తర్వాతి కమిట్‌లో తీసేయడం చాలదు, పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోండి.

ఘాటు మాటలు కూడా పడతాయి. 2007 ఏప్రిల్‌లో డ్రూ హ్యూస్టన్, ఫైళ్లను కంప్యూటర్ల మధ్య ఒకేలా ఉంచే తన డ్రాప్‌బాక్స్ డెమోను హ్యాకర్ న్యూస్‌లో పెడితే ఒకతను మూడు అభ్యంతరాలు చెప్పాడు. లైనక్స్ వాడేవాళ్లు ఇలాంటిది ఎఫ్‌టీపీతో తామే చేసుకోగలరన్నది మొదటిది. నెట్ లేనిచోట ఇది పెన్‌డ్రైవ్‌కు సాటిరాదన్నది రెండోది. దీంతో డబ్బులెలా వస్తాయన్నది మూడోది. డ్రాప్‌బాక్స్ 2018లో నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది కాబట్టి ఈ కామెంటును నవ్వుకోవడానికి తెగ చెప్పుకుంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. రెండో అభ్యంతరం న్యాయమైనదే. మొదటిదాంట్లోనూ అతను తన వరకు నిజమే చెప్పాడు, కాకపోతే డ్రాప్‌బాక్స్ తయారైంది ఎఫ్‌టీపీ అంటే తెలియనివాళ్ల కోసం. హ్యూస్టన్ గొడవపడకుండా ఒక్కోదానికి మర్యాదగా జవాబిచ్చాడు. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఆ జవాబు తీరు చూడాలి. కోడ్ రివ్యూలో సీనియర్ తప్పుపట్టినప్పుడు మీరెలా ప్రవర్తిస్తారో మీ గిట్‌హబ్ ఇష్యూల కింద మీరు రాసిన జవాబులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అలా చూసేవాళ్లూ ఉంటారు.

ఉద్యోగం వచ్చాక సంగతి వేరు. 2022లో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని విప్రో తీసేసింది. అప్పటి నుంచి సైడ్ ప్రాజెక్టు అన్నా మూన్‌లైటింగ్ (చాటుగా చేసే రెండో ఉద్యోగం) అనుకుని భయపడేవాళ్లున్నారు. జీతానికి ఇంకో కంపెనీలో చేయడం, సొంతంగా ఏదో కట్టుకోవడం ఒకటి కాదు. కానీ కొన్ని కంపెనీల ఒప్పందాల్లో, ఉద్యోగంలో ఉండగా మీరు రాసే కోడు మీద హక్కు తమదేననే షరతు ఉంటుంది. ఆఫర్ లెటర్లో జీతం అంకె చూసి సంతకం పెట్టేయకుండా ఆ పేరా చదవండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో సొంత పని పెట్టుకోవద్దు. ఇదివరకే చేసిన ప్రాజెక్టుల పేర్లు రాసుకోవడానికి కొన్ని ఒప్పందాల్లో ఒక కాలమ్ ఇస్తారు. దాన్ని ఖాళీగా వదలకండి, మెస్ బిల్లు యాప్ అయినా సరే రాయండి.