సెలవులకు కుక్కను వెంట తీసుకెళ్తున్నారా?



ఆదికాండము 6వ అధ్యాయంలో దేవుడు నోవహుతో జంతువులను ఓడలోకి చేర్చుకోమని చెప్పి ఊరుకోలేదు. ఇంటివారికీ, ఆ జంతువులకూ సరిపడే ఆహారం ముందుగానే సమకూర్చి పెట్టుకోమని కూడా చెప్పాడు. నోరులేని జీవిని ప్రయాణానికి తీసుకెళ్లేవారు దాని అవసరాలను వాన మొదలు కాకముందే ఆలోచించాలని ఇందులో మనకు ఒక పాఠం ఉంది.

వేసవి సెలవులకూ, క్రిస్మస్‌కూ, సంక్రాంతికీ మనలో చాలామంది ఊళ్లకు వెళ్తాం. ఇంటికి తాళం వేసి వెళ్తే కుక్కను చూసేవారు ఉండరు కాబట్టి దాన్నీ వెంటబెట్టుకుని బయలుదేరతాం. పిల్లలకు అది ఎంతో సంతోషం. అయితే కొత్త ఊరు, కొత్త మనుషులు, వీధికుక్కలు, ఎండ, టపాకాయల శబ్దం ఇవన్నీ కలిసినప్పుడు ఎంత సాధువైన కుక్క అయినా బెదరుతుంది. బెదరిన కుక్క కరుస్తుంది, లేదా వేరే కుక్క చేత కరిపించుకుంటుంది. అందుకే ఈ నెల పాఠంలో ప్రయాణపు ఏర్పాట్లతో పాటు రేబీస్ వ్యాధి నుండి కుటుంబాన్ని కాపాడుకునే విషయం కూడా నేర్చుకుందాం. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు.

1. సామాను సర్దడానికి ముందు టీకా

రేబీస్ క్రిమి జబ్బు చేసిన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా, గోటి గీతల ద్వారా, తెగిన చర్మాన్ని నాకడం ద్వారా మన శరీరంలోకి వస్తుంది. అక్కడి నుండి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. లక్షణాలు కనబడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజుల్లోనే కనబడవచ్చు, కొందరిలో ఏడాది కూడా పట్టవచ్చు. ఒకసారి లక్షణాలు మొదలైతే దాదాపు ఎవరూ బ్రతకరు. కానీ లక్షణాలకు ముందే సరైన చికిత్స జరిగితే ఈ వ్యాధిని పూర్తిగా ఆపవచ్చు. మనుషులకు సోకే రేబీస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లుల ద్వారా కూడా రావచ్చు.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబీస్ టీకా వేయించాలి. తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టర్, ఆపైన ఏటేటా టీకా వేయించాలి. మొదటిసారి వేయించిన టీకా బలం పుంజుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి రేపు ప్రయాణమనగా ఈ రోజు వేయిస్తే చాలదు. ఊరికి టికెట్లు కొన్న రోజునే కుక్క టీకా కార్డు తీసి చూడండి. గడువు దాటి ఉంటే ముందుగా ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లండి.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి రేబీస్ టీకా మొదటిసారిగా ఇచ్చాడు. ఆ జ్ఞాపకార్థం జూలై 6ను జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజున మన పశువైద్యశాలల్లో కుక్కలకు రేబీస్ టీకాలు సాధారణంగా ఉచితంగా వేస్తారు. ఏటా అదే రోజున వేయించుకుంటే తేదీ మరచిపోయే ఇబ్బంది ఉండదు.

మూడు నెలలు నిండని పిల్లను దూరప్రయాణానికి తీసుకెళ్లకపోవడమే మంచిది.

2. రైలులో అయితే

స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ పెట్టెల్లో కుక్కను వెంట తీసుకెళ్లడానికి రైల్వే నియమాలు ఒప్పుకోవు. ఏసీ ఫస్ట్ క్లాసులో ఇద్దరు పట్టే కూపే గాని, నలుగురు పట్టే క్యాబిన్ గాని మొత్తం మీ కుటుంబమే తీసుకుంటే అందులో ఉంచుకోవచ్చు. లేకపోతే బ్రేక్ వ్యానులో ఉండే కుక్కల పెట్టెలో పంపాలి. రెండింటికీ పార్సిల్ ఆఫీసులోనే బుక్ చేయాలి. టీకా కార్డుతో పాటు, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుని దగ్గర తీసుకున్న ఆరోగ్య ధ్రువపత్రం కూడా దగ్గర ఉంచుకోండి. ఏయే కాగితాలు కావాలో, ఎంత ముందుగా రావాలో ఆ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

మెడ పట్టీ, గొలుసు తప్పనిసరి. దారిలో తిండి, నీళ్లు చూసుకోవలసిన బాధ్యత యజమానిదే. రైలు ఎక్కువసేపు ఆగే స్టేషన్లు ఏవో గార్డును అడిగి రాసుకోండి. 2022 నుండి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఏప్రిల్, మే నెలల్లో పగటి పూట ఆ పెట్టె బాగా వేడెక్కుతుంది కాబట్టి రాత్రి బండే నయం. ముసలి కుక్కను, జబ్బుగా ఉన్నదాన్ని, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను ఎండాకాలంలో అలా పంపవద్దు.

3. కారులో, బండి మీద అయితే

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే అది ముఖ్యంగా వేడిని తగ్గించుకుంటుంది. అద్దాలు వేసి ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం రెండు వేళ్లంత తెరిచి ఉంచినా పెద్ద తేడా ఉండదు. భోజనానికి హోటల్ ముందు ఆగినప్పుడు ఒకరు కుక్కతో నీడలో ఉండండి, మిగిలినవారు తిని వచ్చాక వారు వెళ్లవచ్చు.

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు కొద్దిగా తిండి పెట్టి ఆపండి, లేకుంటే దారిలో వాంతి చేసుకుంటుంది. నీళ్లు మాత్రం ఆపవద్దు. రెండు గంటలకొకసారి గొలుసు వేసి కిందికి దించండి. డ్రైవరు ఒళ్లో కూర్చోబెట్టవద్దు, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వవద్దు. స్కూటరు ముందు భాగంలో నిలబెట్టి తీసుకెళ్లడం దానికీ మీకూ ప్రమాదమే.

విపరీతంగా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ముదురు ఎరుపుగా మారి, అడుగులు తడబడితే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి, చల్లని నీటితో ఒళ్లంతా తడిపి, విసరండి. ఐసు వేయవద్దు. గుటక గుటకగా నీళ్లు తాగనిచ్చి వెంటనే పశువైద్యునికి చూపించండి. మనం వాడే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం వేయవద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

4. కుక్క సంచిలో ఏముండాలి?

టీకా కార్డు, దాని జిరాక్సు కాపీ, మెడ పట్టీ మీద మీ ఫోను నంబరు, గొలుసు, మూతి బుట్ట, నీళ్ల గిన్నె, అది అలవాటుగా తినే తిండి, దాని పాత దుప్పటి, ఒక సబ్బు, పోవిడోన్ అయొడిన్ సీసా. సబ్బు కుక్కకు స్నానం చేయించడానికి కాదు. అది ఎందుకో కింద చదవండి.

5. ఊళ్లో పిల్లలతో

కుక్క కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సెలవుల్లో తాతగారింట్లో పదిమంది పిల్లలు చేరతారు. మీ కుక్క మీ పిల్లలకు అలవాటే గాని వారందరికీ కాదు. చేరిన రోజునే పిల్లలందరినీ కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పండి:

తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలను పెట్టిన కుక్కను తాకకూడదు. తోక లాగకూడదు, ముఖం మీద ముఖం పెట్టకూడదు. తెలియని కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తక, చేతులు దించుకుని కదలకుండా నిలబడాలి. కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి. చెబితే ఎవరూ తిట్టరు.

ఈ చివరి మాట అన్నిటికంటె ముఖ్యమైనది. ఔట్ పేషెంట్ విభాగంలో మేము తరచుగా చూసే సంగతి ఇదే. "కుక్క జోలికి ఎందుకు వెళ్లావు?" అని కొడతారన్న భయంతో పిల్లవాడు గీతను చొక్కా చేతి కింద దాచుకుంటాడు. తల్లి దాన్ని స్నానం చేయించేటప్పుడు నాలుగు రోజుల తరువాత చూస్తుంది. పిల్లవాని ప్రాణం మన కోపం కంటె విలువైనది. ముందు గాయం కడగండి, మందలింపు తరువాత చూసుకోవచ్చు.

6. కాటు పడితే

మొదట, కుళాయి ధార కింద గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. మనం అయిపోయిందనుకునే సమయానికి సాధారణంగా రెండు నిమిషాలు కూడా కావు. తరువాత పోవిడోన్ అయొడిన్ రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, కిరోసిన్, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. మంత్రం వేయించుకునే లోపల విలువైన గంటలు గడచిపోతాయి.

తరువాత, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రక్తం రాని చిన్న గీతలకు కూడా టీకా అవసరం. రక్తం వచ్చిన కాటుకూ గీతలకూ, తెగిన చర్మం మీద గాని, కంట్లో, నోట్లో గాని లాలాజలం పడినప్పుడూ టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వేయాలి. తల, ముఖం, మెడ, చేతుల మీద కాట్లు మరీ ప్రమాదం. తెగని చర్మాన్ని కుక్క నాకితే మాత్రం కడిగితే చాలు.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని పెద్దవాళ్లు ఇప్పటికీ భయపెడుతుంటారు. ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే ఆపివేశారు. ఇప్పటి టీకా పెద్దలకు భుజానికీ, పసిపిల్లలకు తొడకూ వేస్తారు. గర్భిణీలకూ, పాలిచ్చే తల్లులకూ ఇది సురక్షితం. పథ్యం ఏమీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

"మా కుక్కకు టీకా వేయించాం కదా, మాకెందుకు?" అని ఇంట్లోనే తీర్మానించుకోవద్దు. కార్డు తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. కరిచిన కుక్కను కొట్టి చంపవద్దు, తరిమివేయవద్దు. కట్టి ఉంచి పది రోజులు గమనించాలి. అయితే ఆ పది రోజులూ టీకా మొదలుపెట్టకుండా ఎదురు చూడకూడదు.

మీ కుక్కనే వీధికుక్క కరిస్తే చేతులకు తొడుగులు వేసుకుని దాని గాయాన్ని కూడా అలాగే కడిగి, పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. ఇదివరకు టీకా వేసి ఉన్నా కాటు తరువాత మళ్లీ ఇంజెక్షన్లు వేస్తారు. అంతవరకు పిల్లలను దూరంగా ఉంచండి.

7. ప్రయాణంలో తప్పిపోయే డోసులు

సెలవుల్లో పడిన కాటుకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చర్మంలో వేసే టీకా అయితే మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. కండలో వేసే పద్ధతిలో 14వ రోజు డోసు కూడా ఉంటుంది. మొదటి డోసు అమ్మమ్మ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పడుతుంది. మూడవ రోజు రైలులో ఉంటారు. ఏడవ రోజు బడి తెరుస్తారు. గాయం మానిపోతుంది, అందరూ మరచిపోతారు. ఇలా మధ్యలో ఆగిపోయిన టీకా పూర్తి రక్షణ ఇవ్వదు.

కాబట్టి మొదటి డోసు వేసిన చోట తేదీ, టీకా పేరు, చర్మంలో వేశారా కండలో వేశారా అన్నది చీటీపై రాయించుకోండి. ఇమ్యూనోగ్లోబులిన్ అక్కడ దొరకకపోతే జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. మొదటి టీకా వేసిన నాటి నుండి ఏడు రోజులలోపు దాన్ని వేయించుకోవచ్చు. మిగిలిన డోసులు మీ ఊరి ఆసుపత్రిలో వేయించుకోవచ్చు. తేదీలను ఇంటి క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టండి. ఒక రోజు తప్పితే మరునాడే వెళ్లండి, తప్పిందని మానేయవద్దు. కాటు పడి వారాలు గడిచినా టీకా వేయించుకోనివారు ఇప్పుడైనా రావాలి.

8. కుక్కను ఇంట్లోనే వదిలి వెళ్తే

ప్రయాణం దానికి పడదనుకుంటే తెలిసినవారికి అప్పగించడమే మేలు. అయితే వారు మీరుండగానే రెండు మూడుసార్లు వచ్చి చేతితో తిండి పెట్టి అలవాటు చేసుకోవాలి. టీకా కార్డు, పశువైద్యుని ఫోను నంబరు వారికి ఇచ్చి వెళ్లండి. గేటు లోపల వదిలేసి, "గోడ మీద నుంచి అన్నం వేయండి" అని చెప్పి వెళ్లడం ఆ జీవి పట్ల దయ కాదు, పొరుగువారి పట్ల ప్రేమా కాదు.

కుటుంబ ప్రార్థనలో గాని, స్త్రీల సమాజంలో గాని చర్చించండి

1. మన ఇంటి కుక్క చివరి టీకా తేదీ ఏది? కార్డు ఎక్కడ ఉంది?
2. మనం వెళ్లే ఊరికి దగ్గరలో రేబీస్ టీకా దొరికే ఆసుపత్రి ఏది?
3. కుక్క గీరితే మన పిల్లలు భయపడకుండా మనతో చెబుతారా? చెప్పేలా మనం నడుచుకుంటున్నామా?
4. గాయాన్ని ఎన్ని నిమిషాలు కడగాలి? ఇంట్లో చిన్నవాడు కూడా ఈ జవాబు చెప్పగలగాలి.

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగిన రోజున సామాను సర్దుకోండి. మీ రాకపోకలయందు ప్రభువు మీకూ, మీ పిల్లలకూ, మీ ఇంటి మూగజీవికీ తోడైయుండును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్