ఆత్మనింద దైవభీతి కాదు

ఫజర్ వేళ దాటిపోయాక మెలకువ వచ్చింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆ క్షణంలో మనిషి తనతో తాను ఏమని మాట్లాడుకుంటాడు? "నేనింతే. నా బతుకింతే. నాలాంటివాడి నమాజు అల్లాహ్‌కు ఎందుకు?" అనుకుంటాడు చాలాసార్లు. అలా తనను తాను తిట్టుకుంటూ కూర్చున్నవాడు లేచి వుజూ చేసి ఆ నమాజు నెరవేర్చుకుంటాడా అంటే, అదీ జరగదు. సిగ్గుతో జుహర్ కూడా పోతుంది. బిడ్డను కోపంలో కొట్టి, రాత్రంతా "నేను తల్లినేనా?" అని కుమిలిపోయే తల్లి సంగతీ ఇంతే. మర్నాడు ఆమెకు ఓపిక పెరగదు. ఇంకా తగ్గుతుంది.

మనలో చాలామంది ఈ ఆత్మనిందను దైవభీతి అని పొరబడుతున్నారు. తనను ఎంత ఎక్కువగా అసహ్యించుకుంటే అంత మంచి ముస్లిం అవుతామని లోలోపల నమ్ముతున్నారు. ధర్మం ఈ విషయంలో ఏమంటుందో చూద్దాం.

ఈనాటి కారుణ్య శిక్షణలు

మనసుకు నెమ్మదినిచ్చే శిక్షణలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎన్నో దొరుకుతున్నాయి. వాటిలో కారుణ్య శిక్షణ ఒకటి. గురువు ఎదురుగా ఉండడు. కొన్ని వారాలపాటు, రోజుకు కొన్ని నిమిషాలు, ఫోనులో పాఠం విని, ఎవరికి వారే అభ్యాసం చేస్తారు. ఊపిరి మీద ధ్యాస నిలపడం, తనకు తాను ఓదార్పు ఉత్తరం రాసుకోవడం, ఇతరుల మేలు కోరుకోవడం వంటివి అందులో ఉంటాయి.

వీటి వెనుక మనస్తత్వ శాస్త్రవేత్తల కృషి ఉంది. సిగ్గు, ఆత్మనింద ఎక్కువగా ఉన్న రోగులకు మామూలు సలహాలు చాలడం లేదని గమనించి, ఇంగ్లండుకు చెందిన పాల్ గిల్బర్ట్ కారుణ్యం కేంద్రంగా ఒక చికిత్సా విధానాన్ని రూపొందించారు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో, తన మీద తనకుండే దయను కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ఆ దయలో ఆమె మూడు అంశాలు చూపారు. తనతో మృదువుగా ఉండటం మొదటిది. తప్పులూ బాధలూ మనుషులందరికీ ఉన్నవేనని గుర్తించడం రెండవది. బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నది ఉన్నట్టు చూడటం మూడవది.

ఇలాంటి శిక్షణలపై జరిగిన అధ్యయనాల్లో చాలావరకు ఒత్తిడి, దిగులు, ఆత్మనింద కొంత తగ్గినట్లు తేలింది. అయితే ఇది మంత్రదండం కాదు. పర్యవేక్షించేవారు లేని శిక్షణను మధ్యలోనే వదిలేసేవారు ఎక్కువ. మనసు దానంతట అదే మెత్తబడదు, అందుకు అభ్యాసం కావాలి. ముఖ్యంగా గ్రహించవలసింది ఇదే.

బిలాల్ (రజి) నిద్రపోయిన రాత్రి

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుంచి తిరిగి వస్తున్నప్పటి సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. రాత్రంతా ప్రయాణించి అలసిపోయిన ముస్లింలు ఒకచోట విశ్రమించారు. ఫజర్‌కు లేపే బాధ్యతను దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. బిలాల్ (రజి) చాలాసేపు నమాజు చేస్తూ మేలుకున్నారు. తెల్లవారబోతుండగా తూర్పు వైపు చూస్తూ ఒంటెకు ఆనుకున్నారు. కన్ను మూతపడింది. ఎండ ఒంటికి తగిలేదాకా ఎవరికీ మెలకువ రాలేదు. అందరికంటే ముందు లేచినవారు దైవప్రవక్తే (స). ఆయన కలవరపడి బిలాల్‌ (రజి)ను పిలిచారు. మిమ్మల్ని ఆవరించిన నిద్రే నన్నూ ఆవరించిందని బిలాల్ (రజి) విన్నవించుకున్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో శ్రద్ధగా గమనించండి. దైవప్రవక్త (స) ఆయన్ను నిందించలేదు. అలాగని, పోయిన నమాజు పోయిందిలే అని ఊరుకోనూ లేదు. అక్కడి నుంచి కొంచెం ముందుకు కదలమన్నారు. వుజూ చేశారు. బిలాల్ (రజి) చేతనే ఇఖామత్ చెప్పించి నమాజు చేయించారు. నమాజు మరచినవారు గుర్తు రాగానే దాన్ని నెరవేర్చాలని బోధించారు.

నిద్రపోయిన మనిషికే మళ్లీ నమాజుకు పిలిచే గౌరవం దక్కింది! తప్పును సరిదిద్దే పద్ధతి ఇది. నింద మనిషిని పడ్డచోటే కూర్చోబెడుతుంది. కారుణ్యం లేపి నిలబెడుతుంది.

హజ్రత్ అబూ దర్దా (రజి) విషయం కూడా మనకు తెలుసు. ఆయన పగలు ఉపవాసం, రాత్రి నమాజు అంటూ శరీరాన్నీ ఇల్లాలినీ మరచిపోయారు. హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన చేత అన్నం తినిపించారు, నిద్రపుచ్చారు, రాత్రి చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు ఉన్నట్లే నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కు ఉందని చెప్పారు. దైవప్రవక్త (స) సల్మాన్ (రజి) మాట నిజమని ధ్రువీకరించారు. ఇది బుఖారీ గ్రంథంలోని హదీసు. తన మీద తనకు దయ ఉండటం సోమరితనం కాదు. అది మనం చెల్లించవలసిన హక్కు.

పదకొండు వందల ఏళ్ల నాటి మందులపెట్టె

ఎవరికి వారే మనసును తీర్చిదిద్దుకోవడం పాశ్చాత్యులు కనిపెట్టిన కొత్త విషయం అనుకోనవసరం లేదు. నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ క్రీ.శ. 934లో మరణించారు. దేహం బాగోగులు, మనసు బాగోగులు రెండింటినీ కలిపి ఆయన అరబీలో ఒక గ్రంథం రాశారు. కోపం, భయం, దుఃఖం, పదే పదే వేధించే ఆలోచనలు - వీటిని విడివిడిగా చర్చించారు. దేహానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందని, రెంటికీ చికిత్స అవసరమని చెప్పారు.

ఆయన ఇచ్చిన ఒక సలహా నేటి గృహాలకూ పనికొస్తుంది. అవసరానికని ఇంట్లో మందులు ముందే దాచుకుంటాం కదా! అలాగే మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మేలైన ఆలోచనలను కూడబెట్టుకోవాలి. కలత వచ్చిన రోజున వాటిని బయటికి తీయాలి. తుఫాను వచ్చాక ఇల్లు కప్పుకోవడం కష్టం కదా!

ఏది తీసుకోవాలి, ఏది విడిచిపెట్టాలి

ఫోనులో వచ్చే ప్రతి శిక్షణనూ కళ్లు మూసుకుని అనుసరించకూడదు. కొన్నింటికి ఇతర మతాల ధ్యాన పద్ధతులు మూలం. ఊపిరిని నెమ్మదిగా తీసుకోవడంలో, ఉత్తరం రాసుకోవడంలో, ఇతరుల మేలు కోరడంలో అభ్యంతరం లేదు. మంత్రజపం, సృష్టితాలను వేడుకోవడం వంటివి ఉంటే వాటిని విడిచిపెట్టాలి.

ఇంకొక తేడా కూడా ఉంది. ఆ శిక్షణల్లో దయకు మూలం మనిషే. మనకు మూలం రహ్మాన్, రహీమ్ అయిన అల్లాహ్. ఖుర్ఆన్‌లోని 114 సూరాలలో 113 సూరాలు ఆ రెండు నామాలున్న బిస్మిల్లాహ్‌తోనే ఆరంభమవుతాయి. అల్లాహ్ తన కారుణ్యాన్ని వంద భాగాలు చేసి ఒక్క భాగాన్నే భూమికి దించాడని, తన పిల్లకు తగలకుండా జంతువు గిట్ట ఎత్తడం కూడా ఆ ఒక్క భాగం ఫలితమేనని హదీసు తెలుపుతోంది. మరి మిగిలిన 99 భాగాల మాటేమిటి? తమకు తాము అన్యాయం చేసుకున్న దాసులు కూడా తన కారుణ్యం పట్ల నిరాశ చెందరాదని జుమర్ సూరా 53వ వాక్యంలో అల్లాహ్ ఆదేశించాడు. ఆయన తలుపు తెరిచే ఉంచినప్పుడు, మనల్ని మనం బయటికి నెట్టుకోవడానికి మనమెవరం?

అయితే దయ అంటే తప్పును తప్పు కాదనడం కాదు. అల్లాహ్ హక్కులో లోటు జరిగితే తౌబా చేయాలి. సాటి మనిషి హక్కు కాజేస్తే అది తిరిగి ఇవ్వాలి, క్షమాపణ అడగాలి. "నన్ను నేను క్షమించుకున్నాను" అన్నంత మాత్రాన అప్పు తీరదు.

రోజూ పావుగంట

ఫోను ఉన్నా లేకపోయినా ఈ అభ్యాసం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇషా నమాజు తర్వాత జానిమాజ్ మీదే కాసేపు కూర్చోండి.

మొదట ఆగండి. ఊపిరి నెమ్మదించనివ్వండి. ఆనాటి బాధను ఒక్క వాక్యంలో చెప్పుకోండి. "ఈ రోజు బిడ్డను కొట్టాను, నాకు సిగ్గుగా ఉంది" - అంతే. దానికి "నేను చెడ్డదాన్ని" అని తగిలించకండి. మొదటిది జరిగిన విషయం. రెండవది మనం వేసుకున్న శిక్ష.

రెండవది, ఇదే తప్పు చేసి మీ చెల్లెలు ఏడుస్తూ వస్తే ఏమంటారో ఆలోచించండి. తప్పు చెబుతారు, కానీ తల నిమురుతూ చెబుతారు. ఆ మాటలే మీకు మీరు చెప్పుకోండి. నోట రాకపోతే కాగితం మీద రాయండి.

మూడవది, మనస్ఫూర్తిగా ఇస్తిగ్‌ఫార్ చేయండి. రేపు సరిదిద్దుకోగల ఒక చిన్న పని నిశ్చయించుకోండి. పొద్దున బిడ్డను దగ్గరకు తీసుకుని "నిన్న తప్పు చేశానమ్మా" అనడం కూడా పనే.

నాలుగవది, దుఆ. ముందు మీ కోసం, తర్వాత తల్లిదండ్రుల కోసం, పొరుగువారి కోసం, చివర మీ మనసు నొప్పించినవారి కోసం. సోదరుని పరోక్షంలో చేసే దుఆకు దైవదూత ఆమీన్ పలికి, నీకూ అలాగే కలగాలని కోరుతాడని ముస్లిం గ్రంథంలో ఉంది. నొప్పించినవారి పేరు మొదటి రోజే నోటికి రాకపోవచ్చు. బలవంతపెట్టుకోకండి. దౌర్జన్యాన్ని సహించమని కూడా దీని అర్థం కాదు. దౌర్జన్యపరుని చెయ్యి పట్టి ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) నేర్పారు.

వారానికి ఒక్కసారైనా దయను చేతల్లోకి తేవాలి. తన హృదయం కఠినంగా ఉందని మొరపెట్టుకున్న వ్యక్తికి దైవప్రవక్త (స) చెప్పిన చికిత్స ఏమిటి? పేదవానికి అన్నం పెట్టమన్నారు, అనాథ తల నిమరమన్నారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ హదీసు గొప్ప సత్యం చెబుతోంది. చెయ్యి కదిలితే హృదయం దాని వెంట వస్తుంది.

అభ్యాసం చాలనప్పుడు

ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. దిగులుతో మంచం దిగలేని మనిషిని "నీ ఈమాన్ బలహీనం" అనడం మన ఇళ్లలో ఉంది. బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ ప్రవక్త (అలైహి) కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన ఈమాన్ బలహీనమైనదా? పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. దుఃఖం అవిశ్వాసం కాదు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడని హదీసు. మనసు వ్యాధి అందుకు మినహాయింపు కాదు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, నిద్ర, ఆకలి పోతే వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న తలంపు వస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే సహాయం తీసుకోవాలి. ఇంటివారు అలాంటివారిని ఒంటరిగా వదలకూడదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

సోదరీ సోదరులారా! తనతో కఠినంగా ఉండేవాడు ఇంటివారితోనూ కఠినంగానే ఉంటాడు. తనకు అల్లాహ్ కారుణ్యం అవసరమని ఎరిగినవాడే ఇతరులకు దాన్ని పంచగలడు. రేపు ఫజర్ తప్పినా, బిడ్డ మీద కోపం వచ్చినా, బిలాల్‌ (రజి)ను గుర్తు చేసుకోండి. కూర్చుని తిట్టుకోకుండా లేవండి. కొంచెం ముందుకు కదలండి. వుజూ చేయండి.

అల్లాహ్ మన హృదయాలను మెత్తబరచుగాక! తన కారుణ్యం పట్ల నిరాశ నుంచి మనల్ని కాపాడుగాక! మన ఇళ్లను ఒకరిపట్ల ఒకరికి దయ ఉన్న ఇళ్లుగా చేయుగాక! ఆమీన్.