చైను ఎన్ని చుట్లకు జారుతోంది?

“అన్నా, నిన్ననే కదా కొత్త చైను వేశావు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మళ్ళీ జారింది.”

ఇళ్ళకు సరుకులు చేరవేసే ఒక కుర్రాడు ఈ మాట అనేటప్పటికి నేను సైకిల్ షాపులో చేరి రెండేళ్ళు. సైకిల్‌ని స్టాండెక్కించి పెడలు తిప్పాను. చప్పుడు లేదు, జారడం లేదు. “బాగానే ఉంది కదా తమ్ముడూ” అన్నాను. అతను మాట్లాడకుండా ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించాడు. చర్మం లేచిపోయి ఉంది. ఆ రోజు అతని కూలి పోయింది, నా చేతిపని వల్లే పోయింది.

చైను మార్చాను గాని, వెనక అరిగిపోయిన పళ్ళను చూడలేదు. గాలిలో తిరిగే చక్రం మీద బరువుండదు కాబట్టి అరిగిన పన్ను కూడా చైనును మోసేస్తుంది. మనిషి సీటు మీంచి లేచి తొక్కినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు అందుకే మొదటి రోజే చెబుతాను, పానా పట్టుకునే ముందు లెక్కపెట్టండి, స్కేలు పెట్టి కొలవండి అని. ఇప్పుడు గేరు సైకిళ్ళు మునుపటి కంటే ఎక్కువ వస్తున్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాకు 2023లో తెరిచారు. అక్కడ తొక్కే ఖరీదైన సైకిలూ, డెలివరీ కుర్రాడి ఏడు గేర్ల సైకిలూ, పాలవాడి నల్ల సైకిలూ ఒకే షాపు ముందు నిలబడే రోజులివి. చూపుకి మూడింటి చైనూ ఒకటే. ఒకదానికి వేసేది మరొకదానికి పనికిరాదు.

ముందు లెక్క సంగతి. చైను జారుతోందని ఎవరు వచ్చినా, ఎన్ని చుట్లకు ఒకసారి జారుతోందో చూడండి. మామూలు 21 గేర్ల సైకిల్ తీసుకుందాం. ముందు చైన్‌వీలు పెద్దది 42 పళ్ళు, వెనక ఫ్రీవీలులో చిన్నది 14 పళ్ళు, చైనులో 112 లింకులు అనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే 42 లింకులు కదులుతాయి, వెనక పళ్ళచక్రం మూడు చుట్లు తిరుగుతుంది. చైను ఒక పూర్తి చుట్టు రావాలంటే పెడలు రెండున్నర చుట్ల పైన తిరగాలి. కచ్చితంగా చెప్పాలంటే పెడలు ఎనిమిది చుట్లు తిరిగితే చైను మూడు చుట్లు వస్తుంది.

ఇప్పుడు చెవి పెట్టి వినండి. పెడలు తిరిగిన ప్రతిసారీ ఒక్క ‘టక్’ వస్తే చైన్‌వీలు వంగి ఉంటుంది, లేదా దాని పన్ను ఒకటి దెబ్బతిని ఉంటుంది. ఒక్క చుట్టులో మూడుసార్లు వస్తే వెనక 14 పళ్ళ చక్రంలో ఒక పన్ను పోయినట్టు. ఎనిమిది చుట్లలో మూడుసార్లే వస్తే చైనులోనే ఒక లింకు బిగుసుకుపోయింది. సాధారణంగా అది చైను కట్టర్‌తో కలిపిన చోటే ఉంటుంది. పెడల్ని వెనక్కి మెల్లగా తిప్పుతూ వెనక గేరు మార్చే డిరైలర్ చిన్న పుల్లీ దగ్గర చూడండి, ఆ లింకు వంగకుండా పైకి లేస్తుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు కొద్దిగా వంచితే వదులవుతుంది. ఈ లెక్క తెలియక మంచి ఫ్రీవీలు తీసిపారేసిన షాపులు చూశాను. బాధగా ఉంటుంది, ఆ డబ్బు సైకిల్ మీద బతికేవాడి జేబులోంచి పోయింది కదా.

ఇలా ఒక వరసలో కాకుండా, బరువు పెట్టి తొక్కినప్పుడు మాత్రమే జారితే అది అరుగుదల. అది ఎక్కడుందో కనిపెట్టడానికి గేరు మార్చి చూడండి. 14 పళ్ళ చక్రం మీద జారి 24 పళ్ళ దాని మీద జారకపోతే చాలావరకు తప్పు చైనుది కాదు, 14 పళ్ళ చక్రం అరిగింది. రోజంతా ఒకే గేరులో తొక్కేవాళ్ళ సైకిళ్ళలో ఇది తప్పకుండా కనబడుతుంది. ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. వెనక బ్రేకు గట్టిగా పట్టి పెడలు మీద కాలితో తొక్కండి. చైను పళ్ళ మీంచి ఎక్కి దూకితే పళ్ళదో చైనుదో తప్పు. చైను పళ్ళలోనే కూర్చుని ఉండి, పళ్ళతో సహా గిరుక్కున తిరిగి చక్రం మాత్రం కదలకపోతే ఫ్రీవీలు లోపలి కొక్కేలు పట్టడం లేదు. అప్పుడు ఎన్ని చైన్లు మార్చినా లాభం లేదు.

ఇక కొలత. అంగుళాల స్కేలు ఒకటి షాపులో ఉండి తీరాలి. చైను ఏదైనా పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టి చైను బిగువుగా లాగి పట్టుకుంటే, దాని తర్వాత ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద పడాలి. 1/16 అంగుళం దాటిందంటే చైను మార్చే వేళయింది. 1/8 దాటిందంటే చాలావరకు వెనక పళ్ళు కూడా పోయినట్టే, రెండూ కలిపి మార్చాలని కస్టమరుకు ముందే చెప్పండి. చైను ‘సాగింది’ అంటాం గాని ఇనప ప్లేట్లు సాగవు. ప్రతి పిన్నూ తాను తిరిగే రంధ్రంలో వెంట్రుకవాసి అరుగుతుంది. ఇరవై నాలుగు చోట్ల అరిగింది కలిస్తే ఆ 1/16 అంగుళం అవుతుంది. పాత చైనూ పాత పళ్ళూ కలిసి అరుగుతాయి కాబట్టి వాటి జోడీ నడుస్తూనే ఉంటుంది. ఆ పళ్ళ మీద కొత్త చైను వేసిన రోజునే జారడం మొదలవుతుంది. నేను చేసిన తప్పు అదే.

వెడల్పు మాట. నల్ల సైకిల్ చైను లోపలి వెడల్పు 1/8 అంగుళం, గేరు సైకిల్‌ది 3/32 లేదా ఇంకొంచెం తక్కువ. సన్న చైనును మందపు పళ్ళ మీద వేస్తే లోపలికి దిగదు, పళ్ళ కొనల మీద కూర్చుంటుంది. గేరు సైకిళ్ళలో లోపలి వెడల్పు కంటే బయటి వెడల్పుతోనే, అంటే పిన్ను పొడవుతోనే, ఎక్కువ చిక్కు. వెనక 7, 8 గేర్ల చైను పిన్ను పొడవు సుమారు 7.1 నుంచి 7.3 మిల్లీమీటర్లు, 9 గేర్లది 6.6, 10 గేర్లది 6 లోపు, 11 గేర్లది 5.5 దరిదాపు. గేర్లు పెరిగేకొద్దీ పళ్ళచక్రాలు దగ్గరవుతాయి, చైను సన్నబడుతుంది. 8 గేర్ల చైను తీసుకెళ్ళి 9 గేర్ల మీద వేస్తే పక్క చక్రాన్ని ఒరుసుకుంటూ గరగరమంటుంది, ఎంత సర్దినా ఆ చప్పుడు పోదు. అంచేత చైను అడిగినవాళ్ళను “ఎన్ని గేర్లు?” అని అడిగి ఊరుకోకండి. 21 అంటారు, అది ముందు మూడూ వెనక ఏడూ గుణించిన అంకె. వెనక చక్రాలు మీరే లెక్కపెట్టుకోండి. చైను కలిపే లింకు కూడా అదే గేర్లదై ఉండాలి. నల్ల సైకిల్ చైను లాకు గేరు సైకిల్‌కి వేయొద్దు, దాని క్లిప్పు బయటికి పొడుచుకొచ్చి పక్క పళ్ళకు తగులుతుంది. నల్ల సైకిల్‌కి వేసేటప్పుడు మాత్రం క్లిప్పు మూసి ఉన్న కొస చైను వెళ్ళే వైపు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

చైనూ పళ్ళూ కొత్తవే అయినా గేరు ఒకచోట కుదిరి ఇంకోచోట కుదరకపోతే అనుమానం హ్యాండిల్ దగ్గర గేరు మార్చే షిఫ్టరు మీద పెట్టండి. 1984లో షిమానో కంపెనీ ఎస్ఐఎస్ అనే క్లిక్కుల గేరు పద్ధతి తెచ్చినప్పటినుంచి ఒక్కో క్లిక్కుకి కేబులు ఎంత లాగాలో షిఫ్టరులోనే బిగించేశారు. ఏడు గేర్ల ఫ్రీవీలులో పక్కపక్క చక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు, ఎనిమిది గేర్ల దానిలో 4.8. తేడా 0.2, చాలా తక్కువే అనిపిస్తుంది. ఏడు గేర్ల షిఫ్టరుకు ఎనిమిది గేర్ల చక్రాలు తగిలిస్తే ఆరు క్లిక్కుల్లో ఆ తేడా 1.2 మిల్లీమీటర్లు అవుతుంది. మధ్యలో సర్దితే రెండు కొసలూ చెడతాయి, కొస సర్దితే రెండో కొస చెడుతుంది. కస్టమరు రోజూ వచ్చి కేబులు బిగించమంటాడు. స్రామ్ కంపెనీ పాత ‘ఒకటికి ఒకటి’ షిఫ్టర్లను షిమానో డిరైలర్‌తో కలిపితే ఇంతకంటే ఘోరం, అసలు లాగే కొలతే వేరు. షిమానోలోనే పది గేర్ల మౌంటెన్ సైకిల్ సామాను ఏడు, ఎనిమిది, తొమ్మిది గేర్ల వాటితో కలవదు.

షిఫ్టరు సరిపోయినా గేరు కుదరకపోతే వెనక్కి వెళ్ళి కూర్చుని చూడండి. డిరైలర్ రెండు పుల్లీలూ పైనున్న పళ్ళచక్రానికి నిటారుగా కింద ఉండాలి. ఒరిగి ఉంటే డిరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు వంగింది, సైకిల్ కుడివైపు పడినప్పుడల్లా ఆ దెబ్బ హ్యాంగరుకే. డిరైలర్ మీది హెచ్, ఎల్ స్క్రూలు తిప్పి దీన్ని బాగుచెయ్యాలని చూడొద్దు. అవి కంచెలు మాత్రమే, హెచ్ చిన్న చక్రం వైపు, ఎల్ పెద్ద చక్రం వైపు. ఎల్ స్క్రూ వదులు చేస్తే డిరైలర్ స్పోకుల్లోకి పోతుంది, మనిషి రోడ్డు మీద పడతాడు.

ఫ్రీవీలు మార్చేటప్పుడు అది నిజంగా ఫ్రీవీలేనా, క్యాసెట్టా అని చూసుకోండి. పళ్ళను వెనక్కి తిప్పండి. మధ్యలో టూలు పట్టే గాళ్ళు పళ్ళతోపాటు తిరిగితే క్యాసెట్టు, కదలకుండా ఉంటే ఫ్రీవీలు. ఫ్రీవీలు మరల మీద ఎక్కుతుంది, తొక్కే ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకా బిగిస్తుంది. అందుకే ఉలి పెట్టి సుత్తితో కొట్టే అలవాటు వచ్చింది, ఆ దెబ్బలకు హబ్బు మరలు పాడవుతాయి. సరైన టూలును బెంచి వైసులో బిగించి, చక్రాన్ని దాని మీద కూర్చోబెట్టి, లారీ స్టీరింగులా రెండు చేతులతో ఎడమవైపు తిప్పండి. కొత్తది ఎక్కించేటప్పుడు మరలకు గ్రీజు రాయడం మరిచిపోవద్దు. మళ్ళీ తీసేవాడు మీరే కావచ్చు.

చైను పొడవు పాతదాన్ని పక్కన పెట్టి కొలవొద్దు. అది అరిగింది, పైగా ఎవరు ఎంత కోశారో తెలియదు. డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్దది, వెనక పెద్దది చుట్టి, కొసలు కలిసిన చోట ఒక అంగుళం కలిపి కోయండి. పొట్టిగా కోస్తే, ఎప్పుడో తెలియక పెద్దదీ పెద్దదీ కలిపిన రోజు డిరైలర్ చీలుతుంది. పొడుగైతే చిన్నదీ చిన్నదీ మీద వేలాడుతుంది, అంతే.

ఇవన్నీ చేశాక నోటుబుక్కులో రాయండి. ముందు పళ్ళు, వెనక పళ్ళు, గేర్లు, చైను వేసిన తేదీ. బిల్లు చెప్పేముందు స్కేలు కస్టమరు చేతికిచ్చి ఇరవై నాలుగో పిన్ను ఎక్కడ పడిందో అతన్నే చూడమనండి. చైనుతోపాటు ఫ్రీవీలు కూడా ఎందుకని అప్పుడు ఎవరూ అడగరు. డబ్బు లేదంటే రెండు దారులు చెప్పండి. రెండూ మార్చుకునేదాకా పాత చైనే నడిపించడం ఒకటి, 14 వదిలి అరగని గేరులో తొక్కమనడం రెండోది. అరిగిన పళ్ళ మీద కొత్త చైను మాత్రం అమ్మొద్దు.

ఆ కుర్రాడి ఫ్రీవీలు నా ఖర్చుతోనే మార్చాను. మా వీధి చివర కాలువ మీద ఎత్తు వంతెన ఉంది. అప్పటినుంచి ఏ గేరు సైకిల్ అప్పగించాలన్నా ముందు నేనే దాని మీద ఆ ఎత్తెక్కి వస్తాను, చిన్న చక్రం మీద చైను వేసి, సీటు మీంచి లేచి నిలబడి.