టీసీ మార్చుకొని వచ్చిన సెంటర్ – అభిమానులు వేసే లెక్క

– ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్), హాస్టల్ పూర్వ విద్యార్థి

స్టాటిస్టిక్స్ చదివేవారికి డిగ్రీలోనే ‘మేథమెటికల్ ఎక్స్‌పెక్టేషన్’ అనే పాఠం వస్తుంది. ఎక్స్‌పెక్టేషన్ అంటే మామూలు మాటల్లో ఆశ, అంచనా. అయితే పాఠంలోని ఎక్స్‌పెక్టేషన్ వేరు, మనుషుల మనసులోని ఆశ వేరు. మొదటిది జరగగల ఫలితాలన్నింటినీ, ఒక్కొక్కటి జరగడానికి ఉన్న అవకాశాన్నీ కలిపి లెక్క కడుతుంది. రెండవది తనకు ఇష్టమైన ఒక్క ఫలితాన్నే పట్టుకొని కూర్చుంటుంది. ఈ తేడా బాగా కనిపించే చోటు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్. అక్కడ ఒక కాలేజీ నుండి మరొక కాలేజీకి మారి వచ్చిన ‘సెంటర్’ మీద అభిమానులు పెట్టుకునే ఆశలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. హాస్టల్ గ్రౌండులో మనం కబడ్డీ, వాలీబాల్ ఆడినంతగా ఈ ఆట ఆడము కనుక ముందుగా ఆట గురించి నాలుగు మాటలు.

సెంటర్ అంటే ఎవరు?

బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు ఐదుగురు ఆడతారు. రింగు నేల నుండి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. అమెరికా పురుషుల కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు సాగుతుంది. ఐదుగురిలో సాధారణంగా అందరికన్నా పొడవైనవాడు, రింగుకు దగ్గరగా ఆడేవాడు సెంటర్. రింగులో పడకుండా తిరిగివచ్చిన బంతిని పట్టుకోవడం అతని మొదటి పని. దీనినే రీబౌండ్ అంటారు. ఎదుటివాడు రింగు దగ్గరకు వస్తే చేతులెత్తి అడ్డుకోవడం రెండవ పని. తన జట్టువాడికి దారి దొరికేలా ఎదుటివాడి ముందు గోడలా నిలబడడం మూడవది. దగ్గర నుండి బంతిని రింగులో వేయడం నాలుగవది.

వీటిలో ప్రేక్షకుడికి బాగా కనిపించేది నాలుగవ పని మాత్రమే. గోడలా నిలబడినందుకు స్కోరు పట్టికలో ఏమీ రాయరు. సెంటర్‌ను చూసి భయపడి ఎదుటివాడు బంతి వేయకుండా వెనక్కి తిరిగితే, అదీ రాయరు.

‘అథ్లెటిక్ సెంటర్’ అని మరొక మాట ఉంది. పొడవు ఒక్కటే కాకుండా కోర్టు ఈ చివర నుండి ఆ చివరకు వేగంగా పరుగెత్తగలవాడు, ఒకసారి ఎగిరి దిగిన వెంటనే మళ్ళీ ఎగరగలవాడు అని అర్థం. ఇటువంటి ఆటగాడు వస్తున్నాడని తెలియగానే అభిమానుల కళ్ళ ముందు కనిపించేది గాలిలో లేచి రింగులో బంతిని దించే దృశ్యం. కాని ఆ బంతిని సరైన ఎత్తుకు, సరైన క్షణంలో అందించేది మరొక ఆటగాడు. సెంటర్ ఎంత ఎగిరినా బంతి అందకపోతే అతని ఖాతాలో పాయింట్లు చేరవు.

టీసీ మార్పు ఎలా జరుగుతుంది?

మనం ఇంటర్ ఒక కాలేజీలో చదివి, టీసీ తీసుకొని డిగ్రీకి మరొక కాలేజీలో చేరినట్లే అక్కడి క్రీడాకారులు కూడా కాలేజీ మారతారు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. మారదలచుకున్న వారి పేర్లు నమోదు చేసే ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ 2018 అక్టోబరులో మొదలైంది. అంతకు ముందు నుండీ బాస్కెట్‌బాల్‌లో కాలేజీ మారిన ఆటగాడు సాధారణంగా ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒకసారి మారినా వెంటనే ఆడవచ్చునని నియమం సవరించారు. 2024లో, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడనిచ్చే నియమం వచ్చింది. 2021 జూలై 1 నుండి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు వ్యాపార సంస్థల నుండి డబ్బు తీసుకోవడానికి కూడా అనుమతి లభించింది.

ఈ మార్పుల ఫలితం ఏమిటి? పూర్వం ఒక కుర్రవాడు మొదటి సంవత్సరంలో చేరి, తప్పులు చేస్తూ నేర్చుకుంటూ మూడు నాలుగేళ్ళకు ఎదిగేవాడు. అభిమానులకూ ఓపిక ఉండేది. ఇప్పుడు సిద్ధంగా ఉన్నవాడిని తెచ్చుకుంటున్నారు కాబట్టి మొదటి రోజు నుండే ఫలితం కావాలంటున్నారు.

ఆస్కార్ షీబ్వే ఉదాహరణ

ఆస్కార్ షీబ్వే 1999లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని లుబుంబాషీలో పుట్టాడు. చదువు కోసం అమెరికా వచ్చి, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో ఆడాడు. 2021 జనవరిలో అక్కడి నుండి కెంటకీ యూనివర్సిటీకి మారాడు. అతని ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. సెంటర్లలో ఇది పెద్ద ఎత్తేమీ కాదు.

కెంటకీ సామాన్యమైన జట్టు కాదు. 8 సార్లు జాతీయ విజేత. వారి సొంత మైదానమైన రప్ అరీనాలో 20 వేల మందికి పైగా కూర్చోవచ్చు. అటువంటి జట్టు 2020–21లో 9 మ్యాచ్‌లు గెలిచి 16 ఓడిపోయింది. ఆ గాయంతో ఉన్న అభిమానులకు షీబ్వే ఒక ఆశాకిరణంగా కనిపించాడు.

అతను ఆ ఆశకు న్యాయం చేశాడా? 2021–22లో మ్యాచ్‌కు సగటున 17.4 పాయింట్లు, 15.1 రీబౌండ్లు సాధించాడు. అగ్రశ్రేణి కాలేజీ ఆటలో ఒక సీజన్ మొత్తం మీద 15కు పైగా రీబౌండ్ల సగటు రావడం 40 ఏళ్ళకు పైగా ఎవరికీ సాధ్యం కాలేదు. 2021 డిసెంబరులో వెస్టర్న్ కెంటకీ మీద ఒక్క మ్యాచ్‌లోనే 28 రీబౌండ్లు పట్టాడు. దేశంలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. జట్టు 26 మ్యాచ్‌లు గెలిచింది.

తరువాత 2022 మార్చిలో జాతీయ టోర్నమెంటు వచ్చింది. తన విభాగంలో 2వ ర్యాంకు జట్టయిన కెంటకీ మొదటి మ్యాచ్‌లోనే 15వ ర్యాంకు జట్టయిన సెయింట్ పీటర్స్ చేతిలో, అదనపు సమయంలో 85–79 తేడాతో ఓడిపోయింది. సెయింట్ పీటర్స్ న్యూజెర్సీలోని ఒక చిన్న కాలేజీ. ఆ రోజు షీబ్వే సాధించినవి 30 పాయింట్లు, 16 రీబౌండ్లు. అతను చేయవలసిన పని అంతా చేశాడు. అయినా జట్టు ఇంటికి వెళ్ళింది. మరుసటి సంవత్సరం కూడా అతను కెంటకీలోనే ఉండి ఆడాడు. 2023 టోర్నమెంటులో ప్రావిడెన్స్ మీద 25 రీబౌండ్లు పట్టి గెలిపించాడు. తరువాతి మ్యాచ్‌లో కాన్సాస్ స్టేట్ మీద 25 పాయింట్లు, 18 రీబౌండ్లు సాధించినా జట్టు 75–69తో ఓడింది.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక విషయం చెప్పాలి. షీబ్వే అమెరికాలో ఉన్నది ఎఫ్-1 విద్యార్థి వీసా మీద. మన తెలుగు విద్యార్థులు అక్కడికి ఎక్కువగా వెళ్ళేది కూడా ఈ వీసా మీదే. ఈ వీసా ఉన్నవారు ఇష్టం వచ్చినట్లు పని చేసి సంపాదించడానికి వీలు లేదు. అందువల్ల తోటి ఆటగాళ్ళు ప్రకటనల ద్వారా డబ్బు తీసుకుంటున్నా, దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు అమెరికా గడ్డ మీద అలా సంపాదించలేకపోయాడు. 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్ళినప్పుడు అక్కడ ప్రచార పనులు చేసి ఆదాయం పొందాడు. ఆశలు పెట్టుకునేటప్పుడు అందరినీ సమానంగా చూస్తాం గాని, వారి మీద ఉన్న కట్టుబాట్లు సమానంగా ఉండవు.

ఆరు మ్యాచ్‌ల లెక్క

ఇప్పుడు మన పాఠానికి వద్దాం. జాతీయ టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ ఓడితే బయటకు పోవాలి. కెంటకీ వంటి జట్టు విజేత కావాలంటే వరుసగా 6 మ్యాచ్‌లు గెలవాలి. ఒక మంచి జట్టుకు ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 80 అనుకుందాం. ఆరింటికి ఆరూ గెలిచే అవకాశం ఎంత? 0.8ని ఆరుసార్లు గుణించండి. 0.262 వస్తుంది. అంటే నూటికి 26 మాత్రమే. నూటికి 90 అవకాశం ఉన్న మహా జట్టుకు కూడా 0.531, అంటే సగానికి కొంచెం ఎక్కువ.

నూటికి 80 అవకాశం ఉన్న బలమైన జట్టే సుమారుగా నాలుగుసార్లలో మూడుసార్లు కప్పు లేకుండా తిరిగివస్తుందన్నమాట. 1985 నుండి 2025 వరకు 2వ ర్యాంకు జట్లు 15వ ర్యాంకు జట్లతో 160 మ్యాచ్‌లు ఆడగా 11 ఓడిపోయాయి. నూటికి సుమారు 7. ఇది అరుదే గాని అసాధ్యం కాదు. కప్పు వస్తేనే ఆటగాడు గొప్పవాడు, రాకపోతే కాదు అనే కొలబద్ద ఎంత తప్పో ఈ గుణకారం చెబుతుంది.

మొత్తం కాదు, రేటు చూడాలి

రెండవ లెక్క ఇంకా తేలిక. ఒక సెంటర్ పాత కాలేజీలో మ్యాచ్‌కు 34 నిమిషాలు ఆడి 12 రీబౌండ్లు పట్టేవాడనుకుందాం. కొత్త కాలేజీలో మంచి ఆటగాళ్ళు ఎక్కువ కాబట్టి 22 నిమిషాలే ఆడించారు. 9 రీబౌండ్లు వచ్చాయి. ‘పన్నెండు పట్టేవాడు తొమ్మిదికి దిగజారాడు’ అని అభిమానులు గోల చేస్తారు. 40 నిమిషాలకు లెక్క వేస్తే పాత కాలేజీలో 14.1, కొత్త కాలేజీలో 16.4. అతను దిగజారలేదు, మెరుగుపడ్డాడు. పరీక్షలో మార్కులు ఎన్ని అని అడిగి, ఎన్నింటికి అని అడగకపోవడం వంటిదే ఇది.

ఒక్కడి పని, ఐదుగురి ఫలితం

హంటర్ డికిన్సన్ అనే 7 అడుగులకు పైబడిన సెంటర్ మిషిగన్ నుండి కాన్సాస్‌కు 2023లో మారాడు. కాన్సాస్‌ను 2023–24 సీజన్ మొదలు కాకముందే దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టారు. అతను మ్యాచ్‌కు 17.9 పాయింట్లు, 10.9 రీబౌండ్లు సాధించాడు. కాని జట్టులోని మరో ముఖ్య ఆటగాడు గాయంతో టోర్నమెంటు ఆడలేదు. రెండవ మ్యాచ్‌లోనే గోంజాగా చేతిలో 89–68తో ఓడారు. 2024–25లో మళ్ళీ మొదటి స్థానంతోనే మొదలుపెట్టి, టోర్నమెంటు మొదటి మ్యాచ్‌లో ఆర్కాన్సాస్ చేతిలో ఓడారు.

అదే సమయంలో మిషిగన్ సంగతి చూడండి. 2023–24లో 8 గెలిచి 24 ఓడిన జట్టు అది. కొత్త కోచ్ డస్టీ మే వచ్చాడు. తాను అంతకు ముందు పని చేసిన ఫ్లోరిడా అట్లాంటిక్ నుండి వ్లాదిస్లావ్ గోల్డిన్ అనే సెంటర్‌ను, యేల్ నుండి డానీ వోల్ఫ్‌ను తెచ్చుకున్నాడు. ఇద్దరూ 7 అడుగులవారే. ఒకరు రింగు దగ్గర ఉంటే మరొకరు బయట నుండి బంతిని అందించేలా ఆట అమర్చాడు. 2024–25లో మిషిగన్ 27 గెలిచి 10 మాత్రమే ఓడింది. ఇద్దరు వచ్చినందువల్ల మాత్రమే ఇది జరగలేదు. వారికి తగిన పని, తగిన తోడు, వారిని ఎరిగిన గురువు దొరికినందువల్ల జరిగింది.

ఆశ పెట్టుకోవడం తప్పా?

తప్పు కాదు. ఆశ లేని ఆట చప్పగా ఉంటుంది. ఆశ లేని ఇల్లు పిల్లవాడిని చదివించదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. నా చదువు వెనుక మా అమ్మానాన్నల కూలి డబ్బు, ఈ హాస్టల్ అన్నం ఉన్నాయి. ఆ ఆశను నేను బరువు అనను. కాని సెలవులకు ఊరికి వెళితే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘ఉద్యోగం వచ్చిందా?’ గ్రూప్స్ ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో కొద్ది మార్కులతో ఆగిపోయినవాడూ, అసలు పుస్తకం పట్టనివాడూ ఈ ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాలి. ‘రాలేదు.’ పోస్టులు వందల్లో, రాసేవారు లక్షల్లో ఉన్నప్పుడు బాగా చదివినవారికీ రాకపోవచ్చు. ఈ మాట ఎవరూ లెక్క కట్టి చెప్పకపోవడం వల్ల, తాము పనికిరానివాళ్ళమనుకొని ఊరికి రావడమే మానుకున్న అన్నలూ అక్కలూ మనలో ఉన్నారు. 30 పాయింట్లు సాధించి ఓడినవాడిని ‘ఓడాడు’ అన్న ఒక్క మాటతో కొట్టివేయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

షీబ్వేనే చూడండి. 2023 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 58 మందిని ఎంపిక చేస్తే అందులో అతని పేరు లేదు. అతను ఆగిపోలేదు. మొదట ఇండియానా, తరువాత యూటా జట్లతో చిన్న ఒప్పందాలు చేసుకొని, చిన్న లీగులో ఆడుతూ తనకు తెలిసిన పనినే కొనసాగించాడు. రీబౌండ్లు పట్టాడు.

ముగింపు

కావున తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఒక ఆటగాడి గురించి గాని, ఒక విద్యార్థి గురించి గాని తీర్పు చెప్పే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, అతని చేతిలో ఉన్న పని ఏది, చేతిలో లేనిది ఏది? రెండు, ఎంత సమయంలో, ఎటువంటి వసతులతో అది చేశాడు? మూడు, గెలిచే అవకాశం అసలు నూటికి ఎంత? ఈ మూడింటికీ జవాబు తెలిసిన తరువాత మెచ్చుకోండి, లేదా తప్పు చెప్పండి. ఈ వార్షికోత్సవానికి వచ్చే మీ అమ్మానాన్నలకు కూడా ఆరు మ్యాచ్‌ల లెక్క ఒక కాగితం మీద వేసి చూపించండి. గుణకారం వారికి రాకపోయినా ఫరవాలేదు. పంట బాగా పండించినా వాన చెడగొట్టిన సంవత్సరాలు వారు చూసినవారే. తేలికగా అర్థం చేసుకుంటారు.