కణం ఎందుకు ముసలిదవుతుంది?



మా అవ్వ ఒకప్పుడు అడవి నుంచి కట్టెల మోపు మోసుకొచ్చేది. ఇప్పుడు గడప దాటాలన్నా ఆయాసపడతా ఉంది. "ఒంట్లో సత్తువ లేదు మే" అంటుంది. గాలి సోకిందని మా వీధిలో కొందరు అంటారు. నేను జీవకణం పాఠంలో వెతికినాను.

కణంలో శక్తిని తయారుచేసేది మైటోకాండ్రియా. ఆ శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది. 1929లో కండరంలో ఏటీపీని కనుగొన్న వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

అయితే మైటోకాండ్రియా ఒక్కటే పనిచేయలేదు. దానికి రిక్తిక తోడు కావాలి. 2012లో హ్యూస్, గాట్‌ష్లింగ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రొట్టెను పొంగించే ఈస్టులో దీన్ని చూపించినారు. ఈస్టు వయసు పెరిగేకొద్దీ ముందు రిక్తికలో ఆమ్లత్వం, అంటే పులుపు, తగ్గింది. ఆ తర్వాతే మైటోకాండ్రియా చెడింది. పులుపు తగ్గకుండా చేస్తే మైటోకాండ్రియా ఇంకా ఎక్కువ కాలం బాగుంది, ఈస్టు ఆయుష్షు పెరిగింది.

మన హాస్టల్లో స్టోరు రూము చెడిపోతే వంటామె ఎంత మంచిదైనా వంట చెడుతుంది కదా! ఇదీ అట్లాంటిదే.

ఇంకో వింత. ముసలి ఈస్టుకు పుట్టిన పిల్ల కణంలో పులుపు మళ్లీ కొత్తగా వస్తుంది.

ఇది ఈస్టు సంగతి, అవ్వకు మందు కాదు. కానీ సెలవులకు పోయినప్పుడు అవ్వకు చెప్తాను, ఇది గాలీ కాదు, నీ తప్పూ కాదని.

ప్రశ్న: మన కణాల్లో ఈ రిక్తిక పని చేసేది ఏది?
జవాబు: లైసోజోమ్.

— 9వ తరగతి విద్యార్థిని